కారు బాడీ మీద చిందిన రోడ్డు పెయింట్‌ను గీతలు పడకుండా తీయడం ఎలా

కొత్తగా గీసిన తెల్ల గీత మీదుగా కారు వెళ్లిపోయింది. ఆగి చూస్తే చక్రాల వెనక, డోర్ల కింద, బంపర్ అంచున అంతా తెల్లటి తుంపర. ఆ తర్వాత అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు. థిన్నర్ పెట్టి తుడవచ్చా? పెట్రోల్‌తో పోతుందా? వారం దాటింది, ఇప్పుడేం చేయాలి? మొదటి రెండింటికీ జవాబు ఒక్కటే: వద్దు. ఇక మూడోది. వారమే కాదు, నెల దాటినా చాలావరకు వదులుతుంది. కాకపోతే నానబెట్టే సమయం పెరుగుతుంది, ఓపిక ఎక్కువ కావాలి.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి తెలియాలి. రాత్రిపూట హెడ్‌లైట్ వెలుగుకు మెరవాలని రోడ్డు గీతల మీద సన్నటి గాజు పూసలు చల్లుతారు. మిల్లీమీటరులో పదో వంతు నుంచి దాదాపు మిల్లీమీటరు దాకా ఉంటాయవి. టైరు విసిరిన ప్రతి చుక్కలోనూ అవి ఉండొచ్చు. కారు రంగు మీద రక్షణగా ఉండే క్లియర్ కోట్ మందం చాలా కార్లకు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందానికి మించదు. ఆ పొర మీద గాజు పూసల్ని గుడ్డతో రుద్దితే ఏమవుతుందో ఊహించుకోండి. నిజానికి రంగు చుక్కల కన్నా వాటిని రుద్ది తీయబోవడమే కారును ఎక్కువ పాడుచేయొచ్చు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి అంతా నానబెట్టడం, జారుడు కల్పించడం, ఎత్తి తీయడం మీదే నడుస్తుంది. బలం వాడే చోటు ఒక్కటీ లేదు.

ఇప్పుడే జరిగి ఉంటే

మిగతాది తర్వాత చదవండి. ముందు కారును నీళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. వేగంగా నడపకండి, వేగం పెరిగిన కొద్దీ టైర్లకు అంటిన రంగు ఇంకా పైకి చిందుతుంది. రోడ్డు గీతలకు వాడే నీటి ఆధారిత పెయింట్ కొద్ది నిమిషాల్లోనే పైకి ఆరినట్టు కనిపిస్తుంది, కానీ లోపల పూర్తిగా గట్టిపడటానికి రోజులు పడుతుంది. మొదటి గంటలో ప్రెషర్ వాషర్ నీళ్లు ధారగా పట్టిస్తే చాలా భాగం అక్కడికక్కడే రాలిపోతుంది.

కింది నుంచి పైకి కాక, పై నుంచి కిందికి కొట్టండి. చక్రాల గూళ్ల లోపలి భాగం, మడ్‌ఫ్లాప్‌ల వెనక వైపు మరవకండి. అక్కడ పేరుకున్న పచ్చి రంగు తర్వాత మళ్లీ డోర్ల మీద చిందుతుంది. ఈ దశలో గుడ్డ, స్పాంజి, చెయ్యి ఏదీ తగలనివ్వకండి. పచ్చి రంగును తుడిస్తే అది పోదు, పలచగా పరుచుకుంటుంది. చుక్కగా ఉన్న దానికన్నా పలచటి పొరగా ఆరిన దాన్ని తీయడం ఎన్నో రెట్లు కష్టం.

ఏ రకం పెయింటో తేల్చుకోండి

మందు సరిగ్గా ఎంచుకోవాలంటే జబ్బు ఏదో తెలియాలి. కింది వైపు, ఎవరికీ కనబడని ఒక చుక్కను ఎంచుకోండి. దూదిపుల్లను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి చుక్క మీద అరనిమిషం ఆనించి ఉంచండి, తర్వాత మెల్లగా తిప్పండి.

దూదికి తెలుపో పసుపో అంటితే అది నీటి ఆధారిత పెయింట్. తేలిక రకం ఇదే.

ఆల్కహాల్‌కు ఏమీ కాకపోతే ఇంకో దూదిపుల్లతో తారు రిమూవర్ గానీ మినరల్ టర్పెంటైన్ గానీ పెట్టి చూడండి. దానికి మెత్తబడితే సాల్వెంట్ (ద్రావకం) ఆధారిత పెయింట్.

చుక్క పలచగా కాకుండా ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన, మైనం ముద్దలా, పైన గరుకుగా ఉంటే అది థర్మోప్లాస్టిక్. దాదాపు 180 నుంచి 200 డిగ్రీల దాకా కాచి రోడ్డు మీద పోసే పదార్థమిది. దీనికి దారి వేరు, కింద విడిగా చెప్పాను.

దేనికీ లొంగకుండా గాజు ముక్కలా గట్టిగా ఉంటే అది రెండు భాగాలు కలిపి వేసే రెసిన్ రకం కావచ్చు. ఒకసారి గట్టిపడ్డాక దాన్ని కరిగించగల ద్రావకం ఏదైనా కారు రంగునూ కరిగించేస్తుంది. ఇంట్లో ప్రయోగాలు చేయకుండా కారు డీటెయిలింగ్ (లోతుగా శుభ్రం చేసి మెరుగుపెట్టే పని) చేసేవారి దగ్గరికి తీసుకెళ్లండి.

పరీక్ష చేసేటప్పుడు దూది మీద మీ కారు రంగు కనిపిస్తే వెంటనే ఆపండి. మీ కారుకు క్లియర్ కోట్ లేదని, లేదా ఈమధ్యే మళ్లీ రంగు వేశారని అర్థం. రంగు వేసి మూడు నెలలు దాటని ప్యానెల్ మీద ఏ ద్రావకమూ వాడొద్దు. అలాంటి చోట పెట్రోలియం జెల్లీ, షాంపూ నీళ్లు, ప్లాస్టిక్ బ్లేడు, ఈ మూడింటితోనే సరిపెట్టుకోవాలి.

కావలసినవి

- పెట్రోలియం జెల్లీ, రెండు వైపులకూ కలిపి 200 గ్రాములు
- డబ్ల్యూడీ-40 లాంటి పలచటి నూనె స్ప్రే ఒక డబ్బా
- తారు రిమూవర్ 500 మిల్లీలీటర్లు. డబ్బా మీద కారు పెయింట్‌కు సురక్షితమని రాసి ఉండాలి
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 70 శాతం, 250 మిల్లీలీటర్లు
- కారు షాంపూ, రెండు బకెట్లు, కడగడానికి రెండు గ్లోవ్‌లు. ఒకటి పై భాగానికి, ఒకటి కింది భాగానికి
- ప్లాస్టిక్ రేజర్ బ్లేడ్లు పది. దొరకకపోతే అంచు నున్నగా ఉన్న పాత ప్లాస్టిక్ కార్డు
- మైక్రోఫైబర్ గుడ్డలు కనీసం పది. ఇక్కడ పొదుపు చేయకండి
- సన్న రకం క్లే బార్ (ప్యానెల్‌కు అంటిన రేణువులను లాగేసే మెత్తటి బంక ముద్ద) 100 గ్రాములు
- సన్నటి ఫినిషింగ్ పాలిష్, వ్యాక్స్ లేదా సీలెంట్
- నైట్రైల్ గ్లోవ్స్, చిన్న ఎల్‌ఈడీ టార్చి, మెత్తటి నైలాన్ బ్రష్, చక్రాలకు తొడగడానికి పెద్ద ప్లాస్టిక్ సంచులు

డిష్‌వాష్ లిక్విడ్ ఈ జాబితాలో లేదు. షాంపూ బదులు వాడినంత మాత్రాన కారు పాడైపోదు గానీ, ఉన్న వ్యాక్స్‌ను అది వదిలించేస్తుంది. రోడ్డు పెయింట్ గట్టిగా పట్టకుండా మధ్యలో అడ్డుగా ఉన్నది ఆ వ్యాక్సే.

పని చేసే క్రమం

1. ఫోటోలు తీయండి, కారు చల్లారనివ్వండి.

నాలుగు వైపులా, దగ్గర నుంచీ దూరం నుంచీ తీయండి. బీమా అడగాలన్నా, రోడ్డు పని చేసినవారిని అడగాలన్నా కడగక ముందు తీసిన ఫోటోలే ఆధారం. తర్వాత కారును నీడలో పెట్టండి. అరచేతి వెనక వైపు ప్యానెల్‌కు ఆనిస్తే చల్లగా తగలాలి. వేడి ప్యానెల్ మీద ద్రావకం క్షణాల్లో ఆవిరైపోయి మరక వదులుతుంది. ఇప్పుడే నడిపి తెచ్చిన కారైతే బ్రేకులూ సైలెన్సరూ చల్లారడానికి గంట ఆగండి. వాటి దగ్గర మండే ద్రావకాలు వాడబోతున్నారు.

2. నీళ్లు, ఆ తర్వాతే షాంపూ.

ప్రెషర్ వాషర్ ముక్కును ప్యానెల్‌కు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. సూదిలాంటి ధార కాకుండా విసనకర్రలా విచ్చుకునే ధార పెట్టండి. ఎక్కడైనా కారు రంగు పెచ్చు లేచి ఉంటే దాని దగ్గరికి పోవద్దు, నీళ్లు కిందికి దూరి పెచ్చును పెద్దది చేస్తాయి. వదులుగా ఉన్న గాజు పూసలు, ఇసుక ఈ నీళ్లతోనే పోవాలి కాబట్టి తొందరపడకండి.

షాంపూతో కడిగేటప్పుడు పై నుంచి మొదలుపెట్టండి. పెయింట్ పడ్డ కింది భాగానికి రెండో గ్లోవ్ తీసుకుని చుక్కల మీదుగా బరువు పెట్టకుండా జార్చండి. ఇప్పుడు చుక్కలు పోవాలని చూడొద్దు. దుమ్ము పోతే చాలు.

3. నానబెట్టండి.

మొత్తం పనిలో ముఖ్యమైన దశ ఇదే. అందరూ దాటేసేదీ ఇదే. చక్రాలకు సంచులు తొడిగి బ్రేక్ డిస్కులు కనబడకుండా కప్పండి. డిస్కు మీదో ప్యాడ్ మీదో జిడ్డు పడితే బ్రేకు పట్టదు, అది ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

నీటి ఆధారిత పెయింట్ చుక్కల మీద పెట్రోలియం జెల్లీని రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పూయండి. రుద్దకండి, వెన్న రాసినట్టు పరవండి. పైన వంటింట్లో వాడే పలచటి ప్లాస్టిక్ పొర అంటిస్తే దుమ్ము పడదు, జెల్లీ జారిపోదు. 8 నుంచి 12 గంటలు, అంటే రాత్రంతా అలాగే వదిలేయండి. జిడ్డు చుక్క అంచుల కిందికి మెల్లగా పాకి పట్టు వదిలిస్తుంది. వారం పైబడిన చుక్కలకు రెండు రాత్రులు పట్టొచ్చు. మధ్యలో పాత జెల్లీ తీసి కొత్తది పూయండి.

రాత్రంతా ఆగే వీలు లేకపోతే నూనె స్ప్రే వాడొచ్చు. నేరుగా ప్యానెల్ మీద కొడితే కారిపోతుంది. అందుకని టిష్యూ కాగితాన్ని ఆ నూనెతో తడిపి చుక్కల మీద అంటించండి, పది నిమిషాలకోసారి మళ్లీ తడుపుతూ అరగంట ఉంచండి. జెల్లీ పనిచేసినంత లోతుగా ఇది పనిచేయదు గానీ కొత్త చుక్కలకు చాలు.

4. గోటితో చూసి, ప్లాస్టిక్ బ్లేడుతో లేపండి.

జెల్లీ తుడవకుండానే ఒక చుక్క అంచున గ్లోవ్ మీది నుంచే గోటితో నెట్టి చూడండి. జున్నులా ముడుచుకుని లేస్తే పదును పడ్డట్టే. లేవకపోతే మళ్లీ నానబెట్టండి. బ్లేడుకు పని చెప్పే సమయం ఇంకా రాలేదు.

బ్లేడును ప్యానెల్‌కు 20, 30 డిగ్రీల వాలులో పట్టి, ఒకే వైపుకు చిన్నచిన్నగా తోయండి. ముందుకూ వెనక్కూ గీకొద్దు. ప్రతి తోపుకూ బ్లేడు అంచును గుడ్డకు తుడవండి, ఎందుకంటే లేచిన పెయింట్‌లోని గాజు పూసలు ఆ అంచునే కూర్చుంటాయి. బ్లేడు జారకుండా పట్టేస్తున్నట్టు అనిపిస్తే కొత్త అంచు తిప్పండి. డోరు మడత, బాడీ గీత ఉన్న చోట్ల బ్లేడు వద్దు. అక్కడ క్లియర్ కోట్ మామూలు కన్నా పలచగా ఉంటుంది. ఆ చోట్ల వేలి కొన, గుడ్డ మాత్రమే.

ఇనుప బ్లేడు మాత్రం ఎంత నేర్పరి చేతిలోనైనా బాడీ మీద వద్దు.

5. మిగిలిన వాటికి తారు రిమూవర్.

జెల్లీ జిడ్డును షాంపూ నీళ్లతో కడిగేసి ఆరబెట్టండి. ఈపాటికి పెద్ద చుక్కలు పోయి సూదిమొనంత మచ్చలు, పలచటి తెల్ల నీడలు మిగిలి ఉంటాయి. జానెడు చదరం చొప్పున పని చేయండి. గుడ్డను రిమూవర్‌తో తడిపి మచ్చల మీద ఒకటి రెండు నిమిషాలు ఆనించి ఉంచండి, తర్వాత పైకి ఎత్తుతూ తుడవండి. గుడ్డను నాలుగు మడతలు వేస్తే రెండు పక్కలా కలిపి ఎనిమిది శుభ్రమైన ముఖాలు వస్తాయి. ఒక్కో ముఖం ఒక్కసారికే. మురికి ముఖంతో రెండోసారి తుడిచారంటే అందులో చిక్కిన పూసలతో గీకుతున్నట్టే.

రిమూవర్‌ను ప్యానెల్ మీద ఆరనివ్వకండి. ఒక చదరం అయ్యాక తడిగుడ్డతో తుడిచి పక్క చదరానికి వెళ్లండి.

నీటి ఆధారిత పెయింట్ నీడలు తారు రిమూవర్‌కు సరిగ్గా లొంగకపోవచ్చు. వాటికి 70 శాతం ఆల్కహాల్ అదే పద్ధతిలో, అరనిమిషం మించకుండా వాడండి. రెండు ద్రావకాలనూ ఒకే గుడ్డ మీద కలపొద్దు.

6. క్లే బార్, చిట్టచివరి చుక్కలకు మాత్రమే.

చాలామంది క్లేతోనే మొదలుపెడతారు. అది పెద్ద పొరపాటు. మెత్తటి క్లేలో గాజు పూసలు గుచ్చుకుని నిలిచిపోతాయి, ఆ తర్వాత మీరు ప్యానెల్ మీద తిప్పుతున్నది సాండ్‌పేపరే. పెద్ద చుక్కలన్నీ పోయి, చేతికి గరుకుగా తగిలే సన్న రేణువులు మాత్రం మిగిలాక క్లే తీసుకోండి.

లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల షాంపూ కలిపి ప్యానెల్‌ను బాగా తడపండి. బార్‌లో నాలుగో వంతు తుంచి బిళ్లలా ఒత్తండి, తిన్నగా ముందుకూ వెనక్కూ జార్చండి. ఐదారు సార్లకోసారి తిప్పి చూసి మడిచి పిసకండి. కరకర మన్న శబ్దం వచ్చినా, తెల్ల రేణువు కనిపించినా ఆ ముక్క పారేయండి. నేల మీద పడ్డ ముక్కను కడిగి వాడటం కుదరదు.

7. పాలిష్.

అవసరమైతేనే. సన్నటి ఫినిషింగ్ పాలిష్‌ను ఫోమ్ ప్యాడ్ మీద బఠాణీ గింజంత వేసి, జానెడు చదరంలో అడ్డంగా, నిలువుగా నాలుగైదు సార్లు తిప్పితే సన్న గీతలు, మసక పోతాయి. గోరు తట్టుకునేంత లోతైన గీత పాలిష్‌తో పోదు. దాన్ని పోగొట్టాలని పట్టుబడితే క్లియర్ కోటే అరిగిపోతుంది. అలాంటి గీతను అలాగే వదిలేయడం మేలు.

8. వ్యాక్స్.

ద్రావకాలు తగిలిన చోట పాత వ్యాక్స్ ఒక్క పిసరు కూడా మిగలదు. కింది భాగమంతటికీ పలచగా ఒక పూత వేయండి, డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చి తుడవండి. తర్వాత ఎప్పుడైనా మళ్లీ పెయింట్ చిందితే ఈ పూతే పని సగానికి తగ్గిస్తుంది.

థర్మోప్లాస్టిక్ ముద్దలైతే

వీటిని కరిగించాలని చూడొద్దు. మెత్తబడటానికే సుమారు 100 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడికి బంపర్ వంకర తిరుగుతుంది, క్లియర్ కోట్ పొంగుతుంది. హీట్ గన్ తీసి పక్కన పెట్టండి.

చలువతో మొదలుపెట్టండి. ప్లాస్టిక్ సంచిలో మంచు ముక్కలు వేసి ముద్ద మీద ఐదు నుంచి పది నిమిషాలు అదిమి ఉంచండి. చల్లబడ్డ ముద్ద పెళుసుబారుతుంది. ప్లాస్టిక్ స్క్రేపర్ మూలతో అంచున పక్కవాటుగా నెడితే చాలాసార్లు పెచ్చులా ఊడి వస్తుంది. సగం ఊడి సగం ఉంటే మళ్లీ మంచు పెట్టండి. అయితే ప్లాస్టిక్ బంపర్ మీద మంచు పెట్టి బలంగా నెట్టకండి. చల్లబడ్డ బంపర్ రంగు కూడా పెళుసుగానే ఉంటుంది.

చలువకు రాకపోతే హెయిర్ డ్రయ్యర్. జానెడు దూరం నుంచి కదుపుతూ రెండు మూడు నిమిషాలు వేడి చేయండి. ప్యానెల్ మీద చెయ్యి ఆనించి పెట్టుకోగలిగేంత వేడి చాలు. ముద్ద కరగదు గానీ కొంచెం సాగుడు గుణం వస్తుంది, అంచు నుంచి ఒలవడానికి అది సరిపోతుంది. అడుగున మిగిలే జిగట మరకకు తారు రిమూవర్. పెట్రోలియం ద్రావకాలకు లొంగే రెసిన్‌తో చేసినదైతే రెండు మూడు నిమిషాల్లో కరుగుతుంది. ఆల్కిడ్ రెసిన్ రకం మాత్రం మొండిది. దాన్ని చలువతోనే వీలైనంత తీయాలి. రిమూవర్ వాడబోతుంటే డ్రయ్యర్ ఆపేసి, ప్యానెల్ చల్లారాకే డబ్బా మూత తీయండి.

థర్మోప్లాస్టిక్‌లో గాజు పూసలు పైన చల్లినవే కాదు, పదార్థంలోనే కలిపినవి కూడా ఉంటాయి. అందుకే ఊడిన పెచ్చులను చేత్తో తుడవకుండా నీళ్లతో కొట్టేయండి.

బాడీ కాని చోట్లు

రంగు వేయని నల్ల ప్లాస్టిక్: గరుకు ఉపరితలంలో పెయింట్ దూరి కూర్చుంటుంది. జెల్లీ రాత్రంతా, తర్వాత షాంపూ నీళ్లు, నైలాన్ బ్రష్. ద్రావకాలు వాడితే ప్లాస్టిక్ తెల్లబారుతుంది. చక్రాల గూటి లోపలి లైనర్ మీద మిగిలిన చుక్కలను వదిలేసినా నష్టం లేదు.

హెడ్‌లైట్లు, టెయిల్‌లైట్లు: హెడ్‌లైట్ పాలికార్బొనేట్, టెయిల్‌లైట్ ఎక్కువగా అక్రిలిక్. అసిటోన్, థిన్నర్, పెట్రోల్ ఏది తగిలినా సాలెగూడులా సన్నటి పగుళ్లు వస్తాయి, అవి ఇక పోవు. జెల్లీ, షాంపూ నీళ్లు, వేలి కొన. అంతే.

అద్దాలు: ఇక్కడ మాత్రం ఇనుప బ్లేడు పనికొస్తుంది. కొత్త బ్లేడు, సబ్బునీళ్లతో బాగా తడిసిన అద్దం, 30 డిగ్రీల వాలు. బయటి వైపు మాత్రమే. వెనక అద్దం లోపలి వైపు వేడి తీగలు, పక్క అద్దాలకు ఫిల్మ్ ఉంటాయి కాబట్టి లోపల బ్లేడు పెట్టొద్దు.

టైర్లు: వదిలేయండి. రోడ్డు మీద అరిగే భాగం కొద్ది రోజుల్లో శుభ్రపడుతుంది. పక్క గోడల మీద మచ్చలు బ్రష్‌తో పోతాయి. రబ్బరుకు పెట్రోలియం ద్రావకాలు మంచివి కావు.

అలాయ్ చక్రాలు: ఎక్కువ వాటికి పైన క్లియర్ కోట్ ఉంటుంది, బాడీకి చెప్పినదే వీటికీ. జెల్లీని నేరుగా చక్రం మీద పూసే బదులు చక్రం ఊడదీసి పని చేయడం మంచిది. డిస్కు మీద జిడ్డు పడిందని అనుమానం ఉంటే బ్రేక్ క్లీనర్‌తో శుభ్రం చేయకుండా బండి కదపొద్దు. జిడ్డు ప్యాడ్లకు ఇంకితే ప్యాడ్లు మార్చాల్సిందే.

మ్యాట్ (మెరుపు లేని) రంగు, పీపీఎఫ్ (కారు రంగును కాపాడే పారదర్శక ఫిల్మ్), ర్యాప్ (బాడీకి అంటించే రంగు ఫిల్మ్): మ్యాట్ మీద క్లే, పాలిష్ రెండూ నిషిద్ధం. రుద్దిన చోట మెరుపు తేలి మచ్చలా నిలిచిపోతుంది. ఫిల్మ్ ఉన్న కారుకు బలమైన ద్రావకాలు ఫిల్మ్‌నూ దాని జిగురునూ పాడుచేస్తాయి. జెల్లీతో రానిదాన్ని ఫిల్మ్ వేసినవారికే చూపించండి. అవసరమైతే ఆ ఒక్క ముక్క మార్చుకోవచ్చు.

ఎక్కడ చెడుతుంది

పెట్రోల్‌తో మొదలుపెడదాం. దానికి కొంత తారు కరుగుతుంది కాబట్టి పెయింట్ కూడా పోతుందని నమ్మకం. ఆరిన నీటి ఆధారిత పెయింట్ మీద దాని ప్రభావం అంతంతమాత్రమే, కానీ ఆవిరికి నిప్పు అంటుకునే ప్రమాదం మాత్రం పూర్తిగా ఉంటుంది. ఇంధనంలో కలిపే రసాయనాలు క్లియర్ కోట్ మీద మరకలు వదలొచ్చు.

అసిటోన్, గోళ్ల రంగు తుడిచే ద్రావకం, లాకర్ థిన్నర్ ఇంకో తరహా. ఇవి నిజంగానే రోడ్డు పెయింట్‌ను కరిగిస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. మొదటి తుడుపులో తెల్లచుక్క పోయిందని సంబరపడి రెండో తుడుపు వేసేసరికి కింద క్లియర్ కోట్ మెత్తబడి ఉంటుంది, గుడ్డ పీచు అందులో అంటుకుంటుంది. బ్రేక్ ఆయిల్ అయితే కారు రంగునే లేపేస్తుంది.

గిన్నెలు తోమే పీచు, రాపిడి గుణమున్న టూత్‌పేస్ట్, పటికపొడి లాంటివి వాడినవారికి చివరికి తెల్లచుక్కల బదులు తెల్లటి మసక మిగులుతుంది.

ఒకే చుక్కతో పట్టుదలకు పోవడం కూడా పొరపాటే. మూడుసార్లు నానబెట్టినా రానిదాన్ని వదిలి పక్కదానికి వెళ్లండి. అరిచేతంత ప్యానెల్ మీద గంటసేపు రుద్దాక వచ్చే గుంటను సరిచేయడానికి రంగే వేయించాలి.

పసుపు పెయింట్ విషయంలో అదనపు జాగ్రత్త. పాత తరహా పసుపు రోడ్డు పెయింట్లలో సీసం క్రోమేట్ వాడేవారు, కొన్నిచోట్ల ఇంకా వాడుకలో ఉంది. పొడిగా గీకి, సాండ్‌పేపర్ పెట్టి ధూళి లేపొద్దు. ఎప్పుడూ తడిగానే తీయండి, గ్లోవ్స్ తొడుక్కోండి. తీసిన పెచ్చులు, గుడ్డలు సంచిలో కట్టి పారేయండి. ద్రావకం పీల్చిన గుడ్డలను కుప్పగా వేయకుండా ముందు ఆరుబయట విప్పి ఆరబెట్టండి.

ద్రావకం వాడిన చోట ప్యానెల్ మసకబారితే కంగారుపడి ఇంకో రసాయనం పోయకండి. తడిగుడ్డతో తుడిచి కొన్ని గంటలు వదిలేయండి. క్లియర్ కోట్ పీల్చుకున్న ద్రావకం ఆవిరయ్యాక మెరుపు తిరిగి రావచ్చు. మర్నాటికీ రాకపోతే అప్పుడు సన్న పాలిష్.

అయిందో లేదో చూడటం

జిడ్డు ఉన్నంతసేపు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, నూనె సన్న గీతలను కప్పేస్తుంది. అందుకని వ్యాక్స్ వేయకముందు 70 శాతం ఆల్కహాల్‌లో మూడింతలు నీళ్లు కలిపి ప్యానెల్‌ను తుడిచి, ఆ తర్వాతే చూడండి.

టార్చిని ప్యానెల్‌కు దాదాపు ఆనించి వాలుగా వెలుగు పడేయండి. నేరుగా కొట్టిన వెలుగులో కనబడని పలచటి పొర అంచులు వాలు వెలుగులో నీడ పడి బయటపడతాయి. తర్వాత టార్చిని రెండో వైపుకు మార్చి అదే చోటు చూడండి. తెలుపు, వెండి రంగు కార్లకు కళ్లను నమ్మొద్దు. పలచటి ప్లాస్టిక్ సంచిని వేళ్లకు తొడిగి ప్యానెల్ మీద మెల్లగా జార్చండి. కంటికి కనబడని రేణువు కూడా సంచి మీది నుంచి గరుకుగా తెలుస్తుంది. గరుకుతనం ఉన్న చోటల్లా చిన్న టేపు ముక్క అంటించి గుర్తుపెట్టుకుంటే మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

పెయింట్ దాక్కునే చోట్లు విడిగా చూడాలి. డోరు తెరిచి కింది అంచు మడత, డోరు రబ్బరు, పెట్రోల్ మూత చుట్టూ సందు, వెనక బంపర్ పార్కింగ్ సెన్సర్లు, రివర్స్ కెమెరా అద్దం. సెన్సర్ మీద చిన్న పొర మిగిలినా అది తప్పుగా మోగుతుంది. డోర్ల అడుగున, కింది పట్టీ కింద నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. పెయింట్ ముద్ద గానీ జెల్లీ గానీ వాటిని మూసేస్తే లోపల నీళ్లు నిలిచి తుప్పు మొదలవుతుంది. అగ్గిపుల్లతో ఒక్కో రంధ్రాన్నీ పొడిచి చూడండి, పైన అద్దం అంచున గ్లాసు నీళ్లు పోసి కింద నుంచి కారుతున్నాయో లేదో గమనించండి.

బండి తీసే ముందు చక్రాల సంచులు విప్పి, మెల్లగా కదిలిస్తూ నాలుగైదు సార్లు బ్రేకు వేసి పట్టు చూసుకోండి. వారం తర్వాత మామూలుగా కడిగేటప్పుడు చక్రాల వెనక భాగాన్ని ఇంకోసారి టార్చితో చూడండి. చక్రాల గూటిలో మిగిలిన ముద్దలు ఈలోగా ఊడి కొత్త చుక్కలు వేసి ఉండొచ్చు. అవి తాజావి కాబట్టి ఒక్క రాత్రి జెల్లీతో వచ్చేస్తాయి.